చివరి పావుగంట

నేను ఎక్కడా చివరిదాకా కూర్చోలేను. పెళ్లికి వెళ్తే తలంబ్రాలు పడుతుండగానే చెప్పులు వెతుక్కుంటాను. సినిమాకు వెళ్తే విలన్ ఇంకా చావకముందే చేతిసంచి భుజానికి తగిలించుకుంటాను. నా రిటైర్మెంట్ సభలో నన్ను పొగడవలసినవాళ్లు ఇంకా మిగిలి ఉండగానే లేచి అందరికీ దండం పెట్టేశానని మావారు ఇంటికొచ్చినవాళ్లకు చెప్పి నవ్విస్తుంటారు. దీని కాళ్లకు చక్రాలున్నాయని అమ్మ అనేది. చక్రాలు కాదు, బస్సు. నా లోపల ఎక్కడో ఒక బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంటుంది. కండక్టరు రైట్ అనేలోగా ఎక్కకపోతే కొంప మునుగుతుందని గుండె దడదడలాడుతుంది. ఈ వయసులో నేను పరుగెత్తి ఎక్కవలసిన బస్సేమీ లేదని తెలుసు. తెలిసినా లేస్తాను.

పోయిన నెల ఆళ్లగడ్డ నుంచి అన్న ఫోన్ చేశాడు. "పాపా, ఆదివారం అమ్మవారికి కండ్లు తెరుస్తాండాం, రా. ఇంగోటి, పెరట్లో నీ రాయి అడ్డంగా ఉంది. ఆడ ఇంగో మిషను పెట్టల్ల. దాన్నేం చెయ్యమంటావో వచ్చి సూసి చెప్పు" అన్నాడు. నాకు మనవరాళ్లున్నారు, అన్నకు మోకాళ్లు పోయాయి, అయినా నేను వాడికి పాపనే. నా రాయి అంటే నేను కొన్నదేమీ కాదు. మాది శిల్పుల ఇల్లు. బండి మీద వచ్చిన ప్రతి రాయినీ మా నాయన సుత్తితో తట్టి చెవి పెట్టి వినేవాడు. గంటలా పలికితే విగ్రహానికి పనికొస్తుంది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టు లెక్క, పక్కన పడేస్తాడు. అలా పడేసిన ఒక పెద్ద రాయి మీద కూర్చునే నేను బీఏ చదివాను. నంద్యాల కాలేజీలో, అర్థశాస్త్రం ముఖ్యంగా.

ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆ రాయి మీదే కూర్చున్నాను. నాయన కాలంలో చింతబొగ్గుల కొలిమి ఉండే చోట ఇప్పుడు రాయి కోసే యంత్రం ఉంది. ఆ పూటకు దాన్ని ఆపేశారు. అన్న బొంత మీద కూర్చుని అమ్మవారి ఎడమ కంటి దగ్గర చిన్న ఉలి ఆనించాడు. చుట్టూ మనుషులు, పైకెత్తిన ఫోన్లు. కుడి కన్ను అప్పటికే తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే నా లోపలి బస్సు హారన్ కొట్టింది. నంద్యాలకు వెళ్లాలి, ఎండెక్కుతుంది, మావారికి మాత్రలివ్వాలి అని ఏవేవో అనుకుంటూ నాకు తెలియకుండానే సగం లేచాను. అన్న తలెత్తలేదు. ఉలి కదల్లేదు. "యాడికి పాపా? ఇంగా కన్ను తెరవల్యా" అన్నాడు. అచ్చం నాయన గొంతు. నేను గమ్మున కూర్చున్నాను.

ఆ గొంతు విన్నాక మిగతాదంతా దానంతటదే వచ్చింది. తెల్లవారకముందే కొలిమి తిత్తి ఊదే చప్పుడుతో మా ఇల్లు లేచేది. నిన్నటి పనికి మొద్దుబారిన ఉలుల మొనలు కాల్చి, కొట్టి, నీళ్లలో ముంచితే చుయ్‌మని పొగ లేచి, ఇనుము వాసన వంటింటిదాకా వచ్చేది. ఆ వాసన, జొన్నరొట్టె కాలే వాసన కలిస్తేనే నాకు పొద్దు పొడిచినట్టు. ఆ తర్వాత రోజంతా రాతిదుమ్ము. అమ్మ నీళ్లకుండల మీద తడిగుడ్డ కప్పేది, ఊరగాయ జాడీకి రెండు వాసెన్లు కట్టేది, అయినా ఊరిబిండి పచ్చడిలో పంటి కింద ఇసుక తగిలేది. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, పూటకోసారి వాకిలంతా నీళ్లు చల్లుతూ దుమ్మును తిట్టేది. మా తలలు చిన్నప్పుడే నెరిశాయని ఊళ్లో వేళాకోళం చేసేవారు.

ఆ ఇంట్లో ఒక్కటే గట్టి ఆచారం. విగ్రహమంతా అయిపోయి కళ్లు మాత్రం మిగిలి ఉన్నా అది ఉట్టి రాయే. దాని మీద కూర్చోవచ్చు, తువ్వాలు ఆరేయవచ్చు, అవ్వ దాని ఒళ్లో చెనిక్కాయలు పెట్టుకుని వొలిచేది కూడా. కళ్లు తెరవడం మొదలుపెట్టాక మాత్రం లోపలున్నవాళ్లు లోపలే, బయటున్నవాళ్లు బయటే. అయిపోయేదాకా ఎవరూ లేవకూడదు, గడప దాటకూడదు. ఒకసారి తహసీల్దారు జీపు వచ్చి వాకిట్లో నిలబడినా నాయన చూడలేదు. మధ్యలో లేస్తే కన్ను వంకరపోతుందని కాదు. పని చివర్లో ఉన్నప్పుడు వదిలిపెట్టి లేచే మనిషి చేతిలో ఇంక ఏ పనీ నిలబడదని మా ఇంట్లో నమ్మకం.

ఇక అర్థశాస్త్రం సంగతి. దాన్ని నేను ఎంచుకోలేదు, బస్సు ఎంచింది. నాకు సైన్సు మీద మనసుండేది. కానీ సైన్సు పిల్లలకు మధ్యాహ్నం ప్రాక్టికల్స్ ఉంటాయి, సాయంత్రందాకా ల్యాబులో నిలబడాలి. నాయన పెట్టిన షరతు ఒక్కటే: దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి. సాయంత్రం బస్సెక్కితే దారిలో శిరివెళ్ల దగ్గరే చీకటి పడుతుంది. మధ్యాహ్నం బస్సు దొరకాలంటే బీఏ ఒక్కటే దారి. అన్న కాలేజీ గుమాస్తాను అడిగి, బస్టాండులో టైములు చూసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని నాకు గ్రూపు ఖాయం చేసి వచ్చాడు. ఇంట్లో ఎవరికీ అర్థశాస్త్రం అంటే ఏమిటో తెలియదు. అవ్వ మాత్రం వివరంగా విచారించింది.

"ఈ చదువు చదివితే సూదేస్తారా?"

"లేదవ్వా."

"వకీలు మాదిరి కోటేసుకుంటారా?"

"లేదు."

"ఇంగేం చేస్తారు మే?"

"సరుకులకు ధర ఎట్ల వస్తాదో, మనుషులు ఎందుకు కొంటారో, అదంతా చదువుతారు."

అవ్వ కాసేపు ఆలోచించి, "సంతకు పోతే తెల్చాది గదా" అని మళ్లీ నీళ్లు చల్లడానికి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అదే ప్రశ్న నాకూ ఉండేది. ఈ చదువు ఎక్కడికి పోతుంది? బస్సుకైతే ముందు బోర్డు ఉంటుంది. నా చదువుకు బోర్డు లేదు. డిగ్రీ అయిపోయాక మళ్లీ ఈ దుమ్ములోకే వచ్చి కూర్చోవాలా అని ఎప్పుడూ లోపల ఒకటే గుబులు. రాయి మీద కూర్చుని చదువుతూ చదువుతూ లేచి పెరడంతా తిరిగేదాన్ని. ఒక్క చోట కాలు నిలిచేది కాదు.

కష్టమేమిటంటే బీఏ తీసుకున్నా బస్సు పూర్తిగా కుదరలేదు. చివరి పీరియడు అర్థశాస్త్రం. అది అయిపోవడానికి పావుగంట ముందే నేను లేవాలి, లేకపోతే బస్టాండుకు చేరేలోగా బస్సు వెళ్లిపోతుంది. మా సారు గుంటూరు వైపు మనిషి, రాఘవయ్యగారు. తెల్లటి పంచె, చాక్‌పీసు పొడి అంటిన నల్లకోటు, ప్రతి మాటకూ ఒక ఏవండీ. మొదటి వారం నేను లేచినప్పుడు పాఠం ఆపి కారణం అడిగారు. చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేను పుస్తకాలు సర్దుకుంటుంటే బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తున్నట్టు నిలబడేవారు, వెనక బెంచీల్లో మగపిల్లల నవ్వు నాకు వినపడకుండా గట్టిగా చదువుతూ. ఆయన మంచితనం నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

అర్థశాస్త్రం పాఠానికి ఒక వరస ఉంటుంది. ముందు నిర్వచనం, తర్వాత ప్రమేయాలు, తర్వాత వివరణ, పటం, ఆఖరున పరిమితులు, మినహాయింపులు. ఆ సూత్రం ఎక్కడ చెల్లదు, ఎవరికి వర్తించదు అన్నది ఎప్పుడూ చివరి పావుగంటలోనే వస్తుంది. మూడేళ్లూ నేను ఆ భాగం చెవులారా వినలేదు. పరీక్షకు కావలసినంత స్నేహితురాలి నోట్సులోంచి బట్టీ పట్టి రాసేదాన్ని. రాసి మరిచిపోయేదాన్ని. సారు ఆ భాగం చెప్పేటప్పుడు పుస్తకం మూసేసి సొంతంగా మాట్లాడతారని, అసలు పాఠం అక్కడే మొదలవుతుందని ఆ అమ్మాయి చెప్పేది. నాకేం, నా చేతిలో ఉన్న సూత్రాలకు ఎదురే లేదు. ప్రతిదీ అందరికీ, అన్నివేళలా చెల్లుతుందనే నమ్మి ఊళ్లోకి తెచ్చేదాన్ని. 'ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే' అనే మాట ప్రతి సూత్రం ముందూ వచ్చేది. అది చదివినప్పుడల్లా నవ్వొచ్చేది. మా ఇంట్లో ఇతర పరిస్థితులు ఎప్పుడు మారాయి గనక.

మొదటి సంవత్సరంలోనే క్షీణోపాంత ప్రయోజన సూత్రం చెప్పారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. ఆకలి మీద తిన్న మొదటి రొట్టె ఇచ్చే తృప్తి రెండోది ఇవ్వదు, రెండోది ఇచ్చేది మూడోది ఇవ్వదు, అంతే. నేను ఆ సాయంత్రం వచ్చేసరికి నాయన ఒక వినాయకుడి తొండం దగ్గర ఉన్నాడు. మా ఇంట్లో వినాయకుళ్లకు కొదవ లేదు, ఒకరి తర్వాత ఒకరు బారులు తీరి ఉండేవారు. నా కొత్త చదువు చూపించుకోవాలని నోరు ఊరుకోలేదు.

"నాయనా, మొదటి వినాయకుణ్ణి చేసినప్పుడు ఉన్న సంతోషం రెండోదానికి ఉండదు. పదోదానికొచ్చేసరికి ఏమీ మిగలదు. అది సూత్రం" అన్నాను.

నాయన ఉలి ఆపాడు. తిడతాడనుకున్నాను, నవ్వుతాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"ఎవురు చెప్పినారు?"

"పుస్తకంలో ఉంది. సారు కూడా చెప్పినాడు."

"పుస్తకంలో ఉందా?" అన్నాడు. ముఖాన పడిన దుమ్ము తుడుచుకుని ఆ వినాయకుడి వైపు కొత్తగా చూశాడు. "పుస్తకంలో ఉంటే నిజమే అయ్యుంటాదిలే" అని మళ్లీ పనిలో పడ్డాడు. అవ్వ మాత్రం ఊరుకోలేదు. "మీ సారు రెండో రొట్టె తినడా ఏం?" అని అరిచింది. అందరం నవ్వాం. ఆ నవ్వులో నాయన గొంతు ఉందో లేదో నేను గమనించలేదు.

ఆఖరి సంవత్సరం వచ్చింది. సారు నన్ను పిలిచి, తిరుపతిలో ఎంఏ చదవమన్నారు. "మీరు చదవగలరండీ. ఇక్కడితో ఆపితే పాపం చేసినట్టే" అన్నారు. ఆళ్లగడ్డలో ఆ మాట ఎత్తగానే ఇల్లు బిగుసుకుంది. తిరుపతి అంటే హాస్టలు. హాస్టలు అంటే దీపాలు పెట్టే వేళకు పిల్ల ఇంట్లో ఉండదు. అమ్మ వంటింట్లోకి పోయింది. అవ్వ మా మేనత్త కొడుకుతో నా పెళ్లి మాట రోజుకోసారి ఎత్తింది. అన్న నా పక్కనే ఉన్నాడు గానీ నాయన ఎదుట వాడి మాట లేవదు. నాయన ఒక్కటే అన్నాడు. "దీపాలు పెట్టే యాళకు ఆడపిల్ల యాడుండల్ల? అది చెప్పు ముందు." కోపంతో ఉడికిపోయాను. పరీక్షలైపోతే ఇక బస్సు కూడా ఉండదు, ఉలిదెబ్బలు వింటూ ఈ రాయి మీద కూర్చోవడమే అని తలుచుకుంటే ఊపిరాడేది కాదు. ఆ రోజుల్లో అన్నం కూడా నిలబడే తిన్నాను.

పరీక్షల ముందు సారు మొదటి పాఠం నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు. పునాది గట్టిగా ఉంటే మిగతాది నిలుస్తుందని ఆయన లెక్క. రొట్టెల సూత్రం మళ్లీ చెప్పిన రోజు నాయన మహానంది దారిలో ఒక ఊరికి విగ్రహం అప్పజెప్పి, తిరిగొచ్చేటప్పుడు నాతో కలిసి ఇంటికి పోదామని కాలేజీకి వచ్చాడు. అంతకుముందు ఆయన ఆ కాంపౌండులో అడుగు పెట్టలేదు. ఆయన వచ్చిన సంగతే నాకు తెలియదు. ఎప్పటిలాగే పావుగంట మిగిలి ఉండగా లేచాను. సారు ఎప్పటిలాగే బోర్డు వైపు తిరిగారు. నేను వరండాలోకి వస్తే స్తంభం పక్కన నాయన నిలబడి ఉన్నాడు, గుళ్లోకి వచ్చినట్టు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని.

"అయిపోయిందా?" అన్నాడు.

"ల్యా నాయనా. బస్సు టైమయింది."

"సారు ఇంగా చెప్తానే ఉండాడే."

"చెప్తాడు. నేను దినామూ ఈ టైముకే లేస్తా."

"దినామూనా?"

"దినామూ."

నాయన కిటికీలోంచి లోపలికి చూశాడు. "ఇంగ ఆడ ఏం మిగిలింది?"

"ఏం ల్యా. మినహాయింపులు. ఆ సూత్రం యాడ పనికిరాదో చెప్తారు."

నాయన ముఖం మారిపోయింది. ఎవరో తన చేతిలోంచి ఉలి లాక్కున్నట్టు చూశాడు. "అది విన్లేదా నువ్వు? ఇన్నేండ్లూ?" అన్నాడు. నేను తలొంచుకున్నాను. "పని ఆఖర్లో ఉన్నప్పుడు లేచి వస్తాంటివా? నా ఇంట్లో పుట్టి?"

"దీపాలు పెట్టే యాళకు రావల్లంటివి గదా నాయనా" అన్నాను.

ఆయన చెప్పులు కింద పెట్టి, "పో. లోపలికి పోయి కూర్చో" అన్నాడు.

"బస్సు పోతాది."

"పోనీ."

నేను మళ్లీ లోపలికి వెళ్తే క్లాసంతా తిరిగి చూసింది. సారు చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఏవమ్మా, బస్సు వెళ్లిపోయిందా?" అన్నారు. "లేదు సార్. మా నాయన అయిపోయేదాకా కూర్చోమన్నాడు" అన్నాను. మగపిల్లలు గొల్లుమన్నారు. సారు నవ్వలేదు. కిటికీ వైపు చూశారు. స్తంభం పక్కన మనిషిని చూశారు. తర్వాత పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, ఎప్పటికన్నా గట్టిగా, వరండాదాకా వినపడేటట్టు చెప్పడం మొదలుపెట్టారు.

"ఈ సూత్రం ఆకలికి చెల్లుతుందండీ. రొట్టెకు, నీళ్లకు చెల్లుతుంది. అన్నిటికీ చెల్లుతుందనుకుంటే పొరపాటు. పాట నేర్చుకునేవాడికి మొదటి రోజు ఏం తృప్తి ఉంటుంది? నేర్చుకున్నకొద్దీ కదా రుచి తెలిసేది. చదువూ అంతే. చేతిలో విద్య ఉన్నవాడి పనీ అంతే. అక్కడ తృప్తి తరగదండీ, పెరుగుతుంది. ఈ మాట చెప్పకుండా సూత్రం ఒక్కటే చెబితే సగం అబద్ధం చెప్పినట్టు." ఇంకా ఏవేవో చెప్పారు. నేను రాసుకోలేదు. గంట కొట్టేదాకా కదలకుండా విన్నాను. మూడేళ్లలో మొదటిసారి ఆ తరగతి గదిలో నాకు ఆఖరి గంట వినపడింది.

బస్సు పోయింది. తర్వాతి బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాం. నాయన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కొనుక్కొచ్చి ఆకు నా ముందు పెట్టాడు, తను తినలేదు. పొద్దు గూకుతోంది. బియ్యం మిల్లుల వైపు నుంచి ఊక కాలిన వాసన వస్తోంది.

"పాపా, ఆ పదో వినాయకుడి మాట."

"ఏం నాయనా?"

"అది మాకు కాదంట గదా."

నాయన ముఖం చూస్తే సంతోషంతో వెలిగిపోతోంది.

"నువ్వు చెప్పినకాడ్నుంచి ఉలి పట్టినప్పుడల్లా లోపల ఎతుక్కుంటాంటి. తగ్గిందా, తగ్గిందా అని. ఎతికేకొద్దీ తగ్గినట్టే ఉండె. పుస్తకంలో ఉందంటివి గదా, నాకు వయసైపోయింది, అందుకే ఇట్ల అనుకుంటి." ఆగి, భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. దుమ్ము అన్నాడు. నంద్యాల బస్టాండులో మా ఇంటి దుమ్ము ఎక్కడిది? "ఇంగ సరిపాయ. సారు చెప్పినాడు. మినహాయింపు ఉంది."

ఆయన అన్నాళ్లూ ఆ మాటను మోశాడని నాకప్పుడు తెలిసింది. నా మీద ఎంత నమ్మకం ఉంటే నేను తెచ్చిన సగం పాఠాన్ని అలా తన చేతుల మీద పెట్టుకుని బాధపడ్డాడో తలుచుకుంటే ఈ రోజుకీ కళ్లు నిండుతాయి. ఆ సాయంత్రం ఆ బస్టాండులో నేను నిజంగానే ఏడ్చాను. నాయన బజ్జీ కారమనుకుని నీళ్లు తెచ్చిచ్చాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు వెలిగి ఉన్నాయి. అవ్వ వీధి గుమ్మంలో నిలబడి శోకాలు మొదలుపెట్టబోతోంది. "ఏమాయరా? దీపాలు పెట్టి ఎంతసేపాయ? పిల్లనేసుకొని యాడ తిరుగుతాండావు?" నాయన కాళ్లు కడుక్కుంటూ, "పని అయిపోల్యా. అయిపోయినంక వచ్చినాం" అన్నాడు. ఆ ఇంట్లో ఆ జవాబు తర్వాత ఇంకో ప్రశ్న ఉండదు. అవ్వ లోపలికి పోయి కంచాలు పెట్టింది.

దాంతో అంతా చక్కబడిందనుకుంటే పొరపాటు. పరీక్షలయ్యాయి, వేసవి వచ్చింది, తిరుపతి మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తాలంటే భయం, ఎత్తకపోతే పిచ్చెక్కేలా ఉండేది. రోజంతా పెరట్లో తిరిగీ తిరిగీ అవ్వ చేత తిట్లు తిన్నాను. ఒక తెల్లవారుజామున కొలిమి దగ్గర నీళ్లు పెట్టడానికి వెళ్తే నాయన ఉలి మొన ఎర్రగా కాలుతుంటే చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"తిరుపతిలో క్లాసు అయిపోయినంక హాస్టలుకు బస్సెక్కల్లనా?"

"ల్యా నాయనా. ఆ కాంపౌండులోనే ఉంది. నడిచి పోవచ్చు."

"గంట కొట్టేదాకా కూర్చోవచ్చా?"

"కూర్చోవచ్చు."

ఉలిని నీళ్లలో ముంచాడు. చుయ్‌మంది. "అయితే పో" అన్నాడు.

అర్థశాస్త్రం ఎక్కడికి పోతుందని అడిగే అవ్వకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను గానీ తర్వాత తెలిసింది. మా క్లాసువాళ్లు కొందరు బ్యాంకుల్లోకి పోయారు, ఒకడు పత్తి వ్యాపారంలోకి, ఒకడు రాజకీయాల్లోకి. నా చదువు మాత్రం తిరుపతిదాకా పోయి, తిరిగి తిరిగి ఎనభైల్లో నన్ను నంద్యాలలో అదే వరండాలోకి తెచ్చి దించింది, ఈసారి చాక్‌పీసు పట్టుకుని. మొదటి వారంలోనే వెనక బెంచీలో ఒక పిల్ల పావుగంట ముందు లేచి నిలబడింది. ఏ ఊరమ్మా అంటే ప్యాపిలి అంది, బస్సు అంది. పొమ్మన్నాను. మరుసటి రోజు నుంచి పాఠాన్ని తిరగేశాను. ముందు మినహాయింపులు, తర్వాత సూత్రం. తోటి లెక్చరర్లు నవ్వారు, సిలబస్ వరస తప్పుతోందని ప్రిన్సిపాల్ సణిగారు. నేను రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. నేను సెలవుకు వెళ్లినప్పుడల్లా నాయన, ఏం పాఠం చెప్పానో అడిగి, "దానికి మినహాయింపు ఉందా?" అనేవాడు. ఉందంటే తృప్తిగా తలూపేవాడు.

ఆయన మంచం పట్టినప్పుడు ఒక శనివారం వెళ్లి రెండు రాత్రులు ఉన్నాను. సోమవారం పొద్దున వెళ్లనన్నాను. "పో పాపా, బస్సు పోతాది" అన్నాడు. బతిమాలితే, "పిల్లోళ్లు కూర్చోనుంటారు. గంట కొట్టేదాకా చెప్పి రా" అన్నాడు. అలాగే చెప్పాను. గంట కొట్టాక బయటికి వస్తే వరండాలో స్తంభం పక్కన అన్న నిలబడి ఉన్నాడు. వాడు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నాయన చివరి పావుగంట నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డలోనే కాలేజీలున్నాయి. ఆడపిల్లలు స్కూటర్ల మీద వెళ్తున్నారు, ఏ చదువు ఎక్కడికి పోతుందో ఇంటర్ అయ్యేలోగానే వాళ్లకు తెలుసు. ఎంత జీతం వస్తుందో కూడా తెలుసు. మంచిదే. దీపాల వేళ అనే మాట కూడా పోయింది, స్విచ్చి వేస్తే వెలుగుతాయి. వాళ్లను చూస్తే నాకు కుళ్లు లేదు. కానీ వాళ్లలో ఎవరికీ బయట వరండాలో చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంగా ఏం మిగిలిందో చూడు, పోయి కూర్చో అని చెప్పే మనిషి అవసరం రాదేమో అనిపిస్తుంది. అవసరం రాకపోవడం సుఖమో కాదో నాకు తెలియదు.

ఆ ఆదివారం అన్న ఎడమ కన్ను పూర్తి చేయడానికి చాలాసేపు పట్టింది. నాకు రెండుసార్లు కాళ్లు లాగాయి. నంద్యాల నుంచి ఫోన్ మోగితే సంచిలోనే నొక్కేశాను. చివరికి అన్న ఉలి దించి, కంటి మీది పొడిని నోటితో ఊది, తువ్వాలుతో తుడిచాడు. రాయి చూసింది. ఫోన్లు దిగాయి, జనం లేచారు, హారతి అయింది. అందరూ వెళ్లాక అన్న మోకాళ్లు పట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చాడు.

"అయిపోయింది పాపా. ఇంగ లెయ్. రాయిని యాడికి జరపమంటావ్?"

"ఉండనీన్నా" అన్నాను. "ఇంగా కొంచేపు కూర్చుంటా."